స్వతంత్రుడే కర్త



నేను ముప్పదియైదు వత్సరములు పల్లెబళ్లలో తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. రాజకీయములు నా వృత్తి గావు. ఏ కక్షయందును నా పేరు లేదు. అయినను స్వాతంత్ర్యమును, సాహిత్యసంగీతములను గూర్చి మీకు దోచినది చెప్పుడని యాకాశవాణివారు కోరినప్పుడు కాదనలేకపోతిని. అందులకు గారణము ఒక వృద్ధుడు నాకు వేసిన ప్రశ్న.

గడచిన ఆగస్టు 15వ నాడు మా యూరి గ్రంథాలయము ముంగిట జెండా యెగురవేసి, పిల్లలకు బిళ్లలు పంచి, నేనును యథాశక్తి నుపన్యసించితిని. సభ ముగిసిన పిదప ఒక రైతు, నాకంటె బదియేండ్లు పెద్ద, నా చెంతకు వచ్చి, "అయ్యవారూ, ఏటేటా స్వాతంత్ర్యం వచ్చిందని చెప్తారే, అది వచ్చినాక నాకు వచ్చిందేందో ఒక్క మాటలో చెప్పండి" అని యడిగెను. ఓటు వచ్చినది, బడి వచ్చినది, బాట వచ్చినది, పింఛను వచ్చినది అంటిని. ఆయన తల యూపి, "అవన్నీ ఇచ్చినారు, కాదన్లా. నేనడిగింది ఇచ్చిందాన్ని గురించి కాదు" అని కఱ్ఱ యూనుకొని వెడలిపోయెను.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. "ఇచ్చినారు" అను క్రియ నా చెవిలో మ్రోగుచునే యుండెను. వ్యాకరణము చదువుకొన్నవానికి ఇది యొక వ్యాధి. ఎదుటివాడు తన కష్టము చెప్పుకొనుచుండగా వీడు విభక్తులు లెక్కపెట్టుచుండును. కాని యీసారి యా వ్యాధియే నాకు మందైనది. ఎట్లో విన్నవింతును.

ముందుగా మాట సంగతి. స్వతంత్రము అను సమాసమున "తంత్రము" ఉన్నది. శాస్త్రమనియు, ఉపాయమనియు, రాజ్యపాలనమనియు దానికి నిఘంటువులు పెక్కర్థములు చెప్పినవి. అన్నిటికిని మూలము "సాచుట" అను నర్థము గల ధాతువు. మగ్గమున సాచి కట్టిన పడుగు తంత్రము. వీణమీద సాచి బిగించిన తీగ తంత్రి. మన వేంకటగిరిలో చీరల మగ్గము చూచినవారికి నేను విప్పి చెప్పనక్కఱలేదు. పేక యెన్ని రంగులదైనను, అంచున హంసలు తీర్చినను, మామిడిపిందెలు తీర్చినను, ముందుగా సాచిన పడుగు నిడివియు వెడల్పునే చీరకు వచ్చును. తన పడుగు తానే సాచుకొన్నవాడు స్వతంత్రుడు. ఇతరులు సాచిన పడుగుమీద పేక నేయువాడు, ఎంత నేర్పరియైనను, పరతంత్రుడు.

ఈ మాటను పాణిని తన వ్యాకరణమున నొక చిన్న సూత్రములో వాడెను. కర్త యనగా నెవడని ప్రశ్న. స్వతంత్రుడెవడో వాడే కర్త యని యాయన జవాబు. ఇంతకంటె నొక్క యక్షర మెక్కువ చెప్పలేదు. పిన్ననాట మా గురువుగారి యరుగుమీద ఈ సూత్రమును వల్లించునప్పుడు ఇది వాక్యములకు సంబంధించిన విషయమనియే తలంచితిని. దేశములకును సంబంధించినదని తెలియుటకు నాకు నలువదియేండ్లు పట్టినది.

వ్యాఖ్యాత లిచట నొక చక్కని చర్చ చేసిరి. దేవదత్తుడు కుండలో కట్టెలతో అన్నము వండుచున్నాడు. కుండ బియ్యమును నీటిని పట్టి యుంచుచున్నది. కట్టెలు మండుచున్నవి. అవియు బని చేయుచునే యున్నవి గదా? "కుండ వండుచున్నది" అనియు "కట్టెలు వండుచున్నవి" అనియు జనులందురు గూడ. అట్లయిన దేవదత్తుని యాధిక్యమేమి? కుండను దించువాడు, కట్టెను త్రోయువాడు, వండవలెనని సంకల్పించినవాడు, చాలునని మానువాడు అతడు. తక్కినవి యతడు కదిలించినగాని కదలవు.

ఇంకొక మెట్టున్నది. "యజమానుడు కూలివానిచేత ఉప్పు తీయించెను" అను వాక్యము చూడుడు. తీయించినవాడు ప్రేరేపించినవాడు. వానికి ప్రయోజకకర్త యని పేరు. మఱి చెమటోడ్చి తీసినవాని పేరేమి? గడ్డపార వలె వానిని గూడ సాధనముగా, కరణముగా లెక్కింపవలసినది. శాస్త్రజ్ఞు లట్లు చేయలేదు. వానికిని ప్రయోజ్యకర్త యని కర్తృత్వమే యిచ్చిరి. ఏలనగా గడ్డపారకు ఇచ్ఛ లేదు, వీనికున్నది. పురమాయించినప్పుడు చేయుటయు చేయకుండుటయు వాని మనసులోని మాట. రెండువేల యేండ్లకు పూర్వము, కూలివానిని పనిముట్టుగా జూచుట లోకమున సహజమైయున్న కాలమున, ఈ శాస్త్రజ్ఞులు వాక్యములోనైనను వానికా గౌరవము నిలిపిరి. నాకిది మిక్కిలి పెద్ద సంగతిగా దోచును.

ఇప్పుడు మా వృద్ధుని వాక్యమునకు వత్తము. "నాకు ఓటు ఇచ్చినారు, నాకు బడి ఇచ్చినారు, నాకు పింఛను ఇచ్చినారు." అన్నిటను ఆయన షష్ఠీ విభక్తిలో నున్నాడు. ఇచ్చువాడు వేఱొకడు, ఈయబడునది వేఱొకటి, ఆయన చేయి చాచి నిలుచువాడు. ఆయన యడిగినది, నేను ప్రథమావిభక్తిలో నుండు వాక్యమొకటి చెప్పుమని. నేనది గ్రహింపలేకపోతిని.

ప్రభుత్వ ప్రకటనలు చదువునప్పుడు నా కీ రోగము మఱింత ముదురును. "కాలువకు నీరు వదలబడును." "దరఖాస్తులు స్వీకరింపబడును." "చర్యలు తీసికొనబడును." మన నోటి తెనుగున "బడు" అను ప్రయోగ మెంత యరుదో మీరెఱుగుదురు. ఏ యిల్లాలును "పులుసు కాచబడినది" అనదు. కాగితముమీద మాత్రము అన్నియు నెవరిచేతనో తెలియకుండ జరుగుచుండును. నీరు రాకున్న నెవరి నడుగవలెను? ఆ వాక్యమున మనిషి లేడు.

ఈ సంగతి పుస్తకములనుండి కాక ఉప్పునుండి నేర్చుకొన్నవారు మా పెద్దలు. మాది పెన్న సముద్రమున గలియు ప్రాంతము. మా నాయనమ్మకు బడి తెలియదు. కాని యామె చెప్పిన యొక మాట ఏ రాజనీతిగ్రంథమునను నాకు గనబడలేదు. "గుమ్మం ముందర సముద్రం పెట్టుకొని, చారులోకి ఉప్పు దొరగారి దగ్గర కొనుక్కొన్నాం" అనునది.

తూర్పుతీరమున నుప్పు చేయుట ఏ కాలమున మొదలైనదో చెప్పలేము. విధాన మందఱెఱిగినదే యైనను తీరమునకు దూరముగా నున్నవారికొఱకు చెప్పుదును. సముద్రజలము నూఱు పాళ్లలో మూడున్నర పాళ్లు లవణములు. ఆ నీటిని కయ్యలలోనికి మళ్లించి యెండకు వదలుదురు. చిక్కబడుకొలది ఒక మడినుండి వేఱొక మడికి దించుదురు. మొదటి మడులలో సున్నపుపాలు అడుగున దిగును. కడపటి మడిలో ఉప్పు పలుకు కట్టును. అప్పుడు మిగిలిన చేదునీటిని వెంటనే తీసివేయవలెను. తీయకున్న ఉప్పు చేదెక్కి చెమర్చును. ఇంతే. కావలసినవి సముద్రము, ఎండ, గాలి, నాలుగు గట్లు, మనిషి కన్ను. వీనిలో నేదియు గొనవలసినది గాదు.

అట్టిదానిని 1805లో చెన్నపురి రాజధానియందు కుంపిణీవారు తమ గుత్తాధిపత్యము క్రిందికి దెచ్చిరి. 1882లో ఉప్పు చట్టము వచ్చెను. ఒడ్డున నేల తెల్లబాఱి తనంత పుట్టిన ఉప్పును గూడ గీఱి యింటికి దెచ్చుకొనుట నేరమాయెను. ధనికుడును బీదయు నించుమించుగా నొకే కొలతగా తిను వస్తువు ఇది యొక్కటే. కావున పన్నులలో నెల్ల బీదవానిపై బరువుగా బడినదియు నిదియే.

1930 మార్చి 12వ తేదీని గాంధీగారు సబర్మతినుండి బయలుదేరి ఏప్రిల్ 6వ తేదీని దండి తీరమున గుప్పెడు ఉప్పు తీసిరి. తరువాత మన తీరమునను జనులు కుండలు పట్టుకొని సముద్రమునకు నడచిరి. మా తాతగారును బోయిరట. ఆయన వండిన ఉప్పు మట్టి కలిసి నల్లగా నుండెననియు, నోట బెట్టలేకపోతిమనియు, అయినను మూడు వంటలు దానితోనే చేసితిననియు మా నాయనమ్మ నవ్వుచు జెప్పెడిది. "చేదుగా వున్నా మన చేత్తో చేసిందిరా" అనెడిది. చేదునీరు తీసివేయుట తాతగారికి దెలియదు గాబోలు. ఆయన బ్రాహ్మణ వైదికుడు, ఉప్పర కాడు.

వ్యాకరణదృష్టితో జూచిన ఆనాడు జరిగిన దేమి? "ఉప్పు అమ్మబడును" అను వాక్యమును చెఱిపి, "మేము ఉప్పు చేసితిమి" అని వ్రాసిరి. క్రియ మారినది. కర్త మారినాడు. ఉప్పుపై సుంకము 1947 ఏప్రిలులో దొలగినది. అనగా ఆగస్టు 15కు ముందే.

ఇట పన్నును గూర్చి మన నెల్లూరి పెద్ద యొకడు తెనిగించిన రాజనీతి జ్ఞప్తికి వచ్చుచున్నది. పదుమూడవ శతాబ్దమున నెల్లూరేలిన మనుమసిద్ధి కొలువున మంత్రియై యుండిన తిక్కన సోమయాజి, విరాటపర్వము మొదలుకొని పదునేను పర్వములు తెనుగు చేసెను. ఆయన రాజ్యతంత్రము దూరమునుండి చూచిన కవి గాడు. రాజు సింహాసనము గోల్పోయినప్పుడు ఓరుగంటికి బోయి గణపతిదేవుని సాయము గోరి తెచ్చెనని సిద్ధేశ్వరచరిత్రము చెప్పుచున్నది. అట్టివాడు శాంతిపర్వము తెనిగించునప్పుడు, అంపశయ్యమీది భీష్ముడు ధర్మరాజునకు రాజధర్మము చెప్పు ఘట్టము చేతికి వచ్చినది. పంటలో నాఱవ పాలు రాజునకు గూలి. దేనికి గూలి? కాచినందులకు. తేనెటీగ పువ్వు నలగకుండ తేనె గొన్నట్లును, దూడ పొదుగు కొఱుకకుండ పాలు త్రాగినట్లును పన్ను గొనవలెను. కావకయే దోచువానిని గూర్చి భారతమున బలికిన మాటలు మెత్తనివి గావు. రాజు కూడ కూలి పుచ్చుకొనువాడే యను భావము మనకు సముద్రముమీది నుండి యోడలలో దిగిన సరకు గాదని నేను చెప్పదలచుకొన్నది. మొదటి కావ్యమైన నిర్వచనోత్తరరామాయణమును రాజున కంకితమిచ్చిన యా తిక్కన, భారతమును మాత్రము హరిహరనాథునకే సమర్పించెను. కారణము లేమైనను, మంత్రిపదవిలో నుండియు తన గ్రంథమునకు పడుగు తానే సాచుకొన్నవా డాయన.

స్వాతంత్ర్యోద్యమమున మా మండలము చేసిన పని మీలో పెద్దలెఱుగుదురు గనుక విస్తరింపను. పెన్న యొడ్డున పల్లెపాటిలో 1921 ఏప్రిల్ 7వ తేదీని గాంధీగారు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. దానికి భూమి సమకూర్చిన పొణకా కనకమ్మగారు 1923లో నెల్లూరియందు బాలికలకు కస్తూరిదేవీ విద్యాలయము నెలకొల్పిరి. ఇప్పటికిని మన యూళ్లలో "ఆడపిల్లను చదివించినాము" అనియే యందుము. "ఆమె చదివినది" అనము. ఇచటను ప్రయోజకకర్తయే పెద్దపీట వేసికొని కూర్చుండును.

పొట్టి శ్రీరాములుగారిని గూర్చి యొక మాట. 1952 అక్టోబరు 19 మొదలు డిసెంబరు 15 వఱకు ఏబదియెనిమిది దినము లుపవసించి ప్రాణములర్పించిన కథ ప్రతి పాఠ్యపుస్తకమున నున్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. 2008లో మన జిల్లాకే యాయన పేరు పెట్టిరి. కాని యదే మహానుభావుడు 1946లో నెల్లూరు మూలపేటలోని వేణుగోపాలస్వామి యాలయమున హరిజనులకు బ్రవేశము కావలెనని చేసిన నిరాహారదీక్షను మనము తక్కువగా దలచుకొందుము. రాష్ట్రము కొఱకు చేసిన దీక్షలో మనమందఱ మాయన పక్షముననే యుంటిమి గనుక తలచుకొనుట సుఖము. రెండవ దానిలో గుడి తలుపు మూసినవారు మన తాతలే.

యానాదుల సంగతియు నట్టిదే. పుట్టినంతనే కొన్ని జాతులను నేరస్థజాతులని పట్టీలో నెక్కించి, ఠాణాలో హాజరు వేయించు చట్టమొకటి బ్రిటిషువారి కాలమున నుండెను. నెల్లూరి న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్యగారు తమ జీవితమును యానాదుల కొఱకు ధారవోసిరి. దేశమంతటను ఆ చట్టము రద్దగుట 1952 ఆగస్టులో. తక్కిన వారికి స్వాతంత్ర్యము వచ్చిన యైదేండ్లకు గాని కొందఱికి, రాత్రి తన గుడిసెలో నెవరి యనుమతియు లేక నిదురించు స్వేచ్ఛ రాలేదు. ఒకే దేశమున పంచాంగము అందఱికి నొక్కటిగా లేదు.

ఇవన్నియు దలపోసి, వారము దినముల పిదప మా వృద్ధుని యింటికి బోయితిని. "తమ ప్రశ్నకు జవాబు దొరకినది. 1949 నవంబరు 26న అంగీకరించి 1950 జనవరి 26 నుండి నడచుచున్న మన రాజ్యాంగమునకు మొదట నొక పీఠిక యున్నది. అది యంతయు నొకే వాక్యము. ఆ వాక్యమునకు గర్త రాజు గాడు, సభ గాదు, మంత్రి గాడు. దేశప్రజలు. ఉత్తమపురుష బహువచనము. మేము అని ప్రారంభము. తక్కిన రాజ్యాంగమంతయు ఆ 'మేము' చేసిన పని. తమరు ప్రథమావిభక్తిలో నున్న వాక్య మది" అంటిని. నేను పొందిన యానందము మీతో జెప్పలేను.

ఆయన కొంతసేపు మంచముపట్టె మీద వ్రేళ్లు తట్టుచు గూర్చుండెను. పిమ్మట, "బాగుండాది అయ్యవారూ. రాతలో మమ్మల్ని పెట్టినారు. మరి మా నోటి మాట వినేదెవురు?" అనెను.

దీనికి జవాబు నాకు సులభముగా దోచలేదు. సాహిత్యము వైపు చూచితిని. ఇక్కడ నైనను ఆయన నోటికి చోటున్నదా? మన పెన్న సీమవాడే యైన దువ్వూరి రామిరెడ్డిగారు, 1895లో బుట్టి, స్వాతంత్ర్యము వచ్చిన 1947వ యేటనే గతించిరి. స్వయముగా వ్యవసాయకుటుంబీకులు. పారసీకము నేర్చి ఉమర్ ఖయ్యాము పద్యములను పానశాలగా దెనిగించినంతటి విద్వాంసులు. అయినను కృషీవలుడను కావ్యమున నాగలి పట్టినవానినే నాయకుని జేసిరి. ప్రబంధములలో రైతు వర్ణనకు వచ్చును, పోవును. ఇందులో నిలిచెను. అంతకు ముందే వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897 నాటి ప్రతాపరుద్రీయ నాటకమున చాకలి పేరిగానికి వాని నోటి భాషనే పెట్టిరి. వ్యాకరణమున నింతటి పట్టుదల గల వేఱొక పండితుడు కానరాడు. అట్టివారు పాత్రోచితభాష కావలెనని వాదించిరి. గ్రాంథికభాషనే ప్రేమించి యిప్పటికిని దానిలోనే మీతో మాటలాడుచున్న నావంటివాడు దీనిని జ్ఞాపకముంచుకొనవలసి యుండెను. ఉంచుకొనలేదు. ఆ తప్పు చెప్పితీరవలెను.

సుమారు ముప్పదియైదేండ్ల క్రిందటి మాట. నా యెనిమిదవ తరగతిలో పట్టపుపాళెమునుండి వచ్చు పిల్లవాడొకడుండెను. పాఠము తిక్కనగారి సీసపద్యము. ఒక్కొక్కరిని లేచి చదువుమంటిని. తక్కినవారు చదివినట్లు చదివిరి. వీడు లేచి, పద్యమును వల లాగువారి పాట వరుసలో నెత్తుకొనెను. నడుమ నడుమ ఊపిరి బిగబట్టి యొక్కొక్క యక్షరమును లాగి విడుచుచుండెను. తరగతి యంతయు గొల్లుమనెను. నేను, "సోమయాజిగారి పద్యమును చేపలవల జేసితివా? కూర్చుండుము" అంటిని. బెత్తము తీయలేదు. తీసిన మేలై యుండెడిది. దెబ్బ మాసిపోవును. వాడు మఱునాడు బడికి రాలేదు. ఆపై నెన్నడును రాలేదు. పడవ యెక్కినాడని తోడి పిల్లలు చెప్పిరి. నేను హాజరుపట్టీలో వాని పేరు కొట్టివేసితిని.

సంగీతమును గూర్చి చెప్పుదునంటిని. త్యాగరాజస్వామివారి కథ మీకు దెలిసినదే. ఇంటిపేరు కాకర్ల, నోటి భాష తెనుగు, నివాసము తమిళదేశమున తిరువయ్యారు. తంజావూరు కొలువునుండి పిలుపు వచ్చిన నొల్లక ఉంఛవృత్తితోనే బ్రదికి 1847లో సిద్ధిపొందిరి. మన స్వాతంత్ర్యమునకు సరిగా నూఱేండ్ల ముందు, ఒక్క మనిషి తన పాట మట్టుకు తాను స్వతంత్రుడై చూపెను. అయితే యాయన స్వతంత్రత రాగమును తాళమును విడుచుటలో లేదు. విద్వాంసుడు ఆలాపన చేయునప్పుడు ముందుగా నెవ్వరును వ్రాసి యీయరు. మనోధర్మమని దానికి బేరు. ఆరోహణావరోహణములు దాటరాదు, శ్రుతి విడువరాదు. ఆ కట్టులోపల నే స్వరముపై నిలుచునో, ఎంతసేపు నిలుచునో, ఎట్లు దిగునో వాని యిష్టము. తంత్రి రెండు కొనల గట్టబడి యుండియే పలుకును. మా చిన్ననాట నెల్లూరిలో హరికథలకు బోయినప్పుడు ఈ యానందము కొంత రుచి చూచితిని. కథకుడు ఒక్క పద్యమును నాలుగు రాగముల ద్రిప్పుచుండగా చదువురాని ముసలమ్మలును "ఆహా" యని సరియైన చోటనే తల యూపెడివారు. వారికి గణము లెవరు నేర్పిరి? ఆ ప్రశ్న నే నప్పుడు వేసికొనలేదు.

విశ్రాంతి గొన్న పిదప ఉదయముల తీరమువెంట నడచుట యలవాటైనది. ఇంజను పడవలు వచ్చినప్పటినుండి ఒడ్డున నిలిచి అలివివల లాగువారు తగ్గిరి. అయినను చేపలు దరికి వచ్చు కాలమున నప్పుడప్పుడు లాగుదురు. పడవ అర్ధచంద్రాకృతిగా వల వదలివచ్చును. రెండు కొనల త్రాళ్లను ఒడ్డున రెండు వరుసలవారు పట్టుదురు. ఒకడు పాట యెత్తును, తక్కినవారందుకొందురు. నిరుటి మాఘమాసమున నిలిచి చూచుచుంటిని. ఎత్తుకొన్నవాడు రెండు గణములంత పాడును. ఆ తరువాతి యక్షరముపై నందఱును ఒక్కమారుగా లాగుదురు. మరల రెండు, మరల లాగు.

నా కాళ్లు ఇసుకలో నిలిచిపోయినవి. సీసపద్యమున పాదమునకు ఆఱు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు. పాదము రెండుగా విఱుగును. మొదటి సగమున ఒకటవ గణమునకు మూడవ గణముతో యతి. రెండవ సగమున అయిదవదానికి ఏడవదానితో యతి. అనగా రెండు గణములు నడచి, మూడవ దాని మొదటి యక్షరముపై ఊనిక. ఈ లక్షణమును నేను ముప్పదియైదేండ్లు నల్లబల్లమీద సుద్దముక్కతో వ్రాసి పిల్లలచేత వల్లె వేయించితిని. యతి యనగా విశ్రాంతిస్థానమని నిర్వచనము చెప్పించితిని. ఆ నాటి పిల్లవాడు ఊపిరి బిగబట్టి లాగిన ప్రతి యక్షరమును యతిస్థానమే. తరగతిలో పద్యమును దాని నడకతో చదివినవాడు వాడొక్కడే. వానిని నేను కూర్చుండుమంటిని.

వాడు ఆ వరుసలోనే యుండెను. ఇప్పుడు నలువదియెనిమిదేండ్ల మనిషి, ముంగుఱులు నెఱసినవి. నన్ను వాడే ముందు గుర్తుపట్టెను. త్రాడు వదలకయే, "దండాలయ్యవారూ" అనెను. నేను దగ్గఱకు బోయి, "నాయనా, నాడు నీవు చదివిన తీరు సరియైనది. నాకు దెలియలేదు" అంటిని. ఇన్నేండ్ల పిదప నీ మాట కేమి విలువ యున్నదో నాకు దెలియదు. తక్కినవారు పాట ఆపి మా వంక జూచుచుండిరి. వాడు సిగ్గుపడి నవ్వి, "ఆ పద్దెం నాకింకా గెవనముండాది అయ్యవారూ. సగం దాకా" అనెను. తక్కిన సగము నాటి పాఠమున మిగిలిపోయినది గదా.

"తక్కిన సగం మీరు చదవండి, మేం లాగతాం" అని వాని ప్రక్కనున్న యువకుడెవడో అనెను. పరిహాసమునకో, నిజముగనో తెలియదు. నేను చెప్పులు విడిచి త్రాటి చివర నిలిచితిని. నా గొంతు పాటకు దగినది గాదు. మూడవ పాదమున నొకచోట తప్పితిని. నేను తప్పినచోట వాడు తప్పక యందుకొనెను. యతి వచ్చినప్పుడెల్ల త్రాడు నా చేతులలోనుండి బెత్తెడు వెనుకకు జాఱెను. వల యొడ్డుకు వచ్చుటకు గడియ పట్టినది. అందులో రెండు గంపల కవళ్లును, కొన్ని రొయ్యలును, ఒక ముళ్లచేపయు నుండెను. ముళ్లచేపను సముద్రమున విడిచిరి. నాకు బంచిన వాటా కవళ్లు నేను దిననివాడను గనుక, మా వృద్ధరైతు ఇంటికి వాడే స్వయముగా గొనిపోయి యిచ్చి వచ్చెను.